లేని కాన్సెర్టో, నంబరు 317

మా డైరెక్టరుగారు నన్ను చెరిపెయ్యమన్నది ఒక్కటంటే ఒక్క లైను. అది కూడా నేను రాసిందే. మీరు రాసిన లైను మీరే కొట్టెయ్యడానికి ఇంత రాద్ధాంతం ఎందుకు మేడమ్ అని ఆయన ఎంతో మర్యాదగా అడిగారు. కోపం వచ్చినకొద్దీ ఆయనకి మర్యాద పెరుగుతుంది, నాకు తరుగుతుంది. కాబట్టి నా ఉద్యోగంలో ఆఖరి నెల మేం ఇద్దరం ఎలా గడిపామో మీరే ఊహించుకోవచ్చు.

నేను పనిచేసింది రేడియో రికార్డుల లైబ్రరీలో. భవనం కింద, పద్నాలుగు మెట్లు దిగి వెళ్ళే పొడవాటి గది. కిటికీల్లేవు. ఇనుప అరల నిండా అట్టపెట్టెలు, పెట్టెల్లో టేపు చుట్టలు. మూలన గాలిలోంచి తేమ లాగే యంత్రం ఒకటి పొద్దస్తమానం గురక పెడుతూ ఉంటుంది. దాని బకెట్టులో నీళ్ళు పారబొయ్యడం, చేరిన రోజు నుంచీ నా పనే. ఏ కాగితంలోనూ రాసి లేదు గానీ ఆ బకెట్టు ఇంకొకరు ఎత్తగా నేను చూడలేదు.

నాకు అప్పగించింది ఫ్రెంచి కాన్సెర్టోలు. కాన్సెర్టో అంటే ఒక్క వాయిద్యం ముందు నిలబడి, వెనకున్న ఆర్కెస్ట్రా మొత్తంతో వాదన పెట్టుకోవడం. మామూలుగా మూడు భాగాలుంటాయి: హుషారుగా ఒకటి, నెమ్మదిగా ఒకటి, మళ్ళీ హుషారుగా ఒకటి. మహా మహా స్వరకర్తలవి అన్ని ఊళ్ళలోనూ ఉన్నాయి. నా వాటాకి వచ్చింది బతికి ఉండగా పేరు రానివాళ్ళు, పోయాక అసలే రానివాళ్ళు. మూతపడ్డ ఒక ఫ్రెంచి రేడియో కేంద్రం నుంచి వాళ్ళ టేపులన్నీ మాకు చేరాయి. ఏ టేపులో ఏ రచన ఉంది, ఎవరు రాశారు, ఎవరు వాయించారు, ఎంతసేపు సాగుతుంది, ఇవన్నీ తేల్చి, ఒక్కొక్క రచనకీ నంబరిచ్చి జాబితా రాయాలి. ఇరవై ఆరేళ్ళలో ఆరు వందల నలభై నంబర్లు రాశాను. ఆ జాబితాలో మా ఎవరి పేర్లూ ఉండవు. లైబ్రరీ పేరుంటుంది, డైరెక్టరుగారి ముందుమాట ఉంటుంది.

ఆ స్వరకర్తల పేర్లు పలకబోతే సగం అక్షరాలు నోట్లోనే ఉండిపోతాయి. అందుకని కింద గదిలో అందరికీ మారుపేర్లు పెట్టుకున్నాం. పగలు మందుల షాపు నడిపి సాయంత్రాలు సంగీతం రాసుకున్నాయన మందులాయన. చర్చిలో ఆర్గాన్ వాయించి కడుపు నింపుకున్నావిడ ఆర్గానమ్మ. పిల్లలకి పాఠాలు చెబుతూ డజనున్నర కాన్సెర్టోలు రాసి పారేసినాయన బడిపంతులు. బడిపంతులంటే నాకు చిన్నచూపు. ఆయన నంబర్ల దగ్గర ఒకచోట, పని తెలిసినవాడే గానీ ప్రాణం తక్కువ అని గమనిక కూడా రాశాను. అలా రాసే అధికారం నాకెవరిచ్చారని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా పద్ధతి చెప్పాలి, కొంప ముంచింది అదే కాబట్టి. పదకొండు వేల టేపులు, ఇద్దరు మనుషులు. అన్నీ మొదటినుంచి చివరిదాకా వింటూ కూర్చుంటే ఒక జన్మ చాలదు. అందుకని మాకంటే ముందువాళ్ళు ఒక దారి వేసి పోయారు. దాని పేరు తలా తోకా. టేపు మొదట్లో అర నిమిషం విను, చివర్లో అర నిమిషం విను, మధ్యలో వేగంగా తిప్పుతూ తెల్ల పట్టీలు లెక్కపెట్టు. ఒక భాగం అయిపోయి ఇంకో భాగం మొదలయ్యే చోట తెల్ల పట్టీ అతికించి ఉంటుంది. పట్టీలు లెక్కపెడితే భాగాలు తేలిపోతాయి. ఈ పద్ధతిలో తప్పు పడదని చేరిన మొదటి రోజే నాకు చెప్పారు. నేనూ తర్వాత చాలామందికి చెప్పాను.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక పెట్టె తెరిచాను. మీద మందులాయన పేరు, తేదీ, బాసూన్ అన్న మాట, వాయించినాయన పేరు. బాసూన్ అంటే మనిషెత్తు చెక్క వాయిద్యం, ముక్కుతో మాట్లాడే పెద్దమనిషి గొంతు దానిది. పెట్టెలో రెండు టేపులు, ఒకటి, రెండు అని అంకెలు వేసి ఉన్నాయి. మొదటిదాంట్లో పదకొండు నిమిషాల హుషారైన భాగం ఒకటి. రెండోదాంట్లో ఒక నెమ్మది భాగం, ఒక తెల్ల పట్టీ, ఒక హుషారు భాగం, చప్పట్లు. తల సరిపోయింది, తోక సరిపోయింది, మొత్తం మూడు భాగాలు. మందులాయన జన్మలో కాన్సెర్టో రాయలేదని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. ఉందని నేను రాశాను. నంబరు 317. నెమ్మది భాగం తల అర నిమిషం విన్నందుకే ఒళ్ళు పులకరించి, ఈ స్వరకర్త లోతు ఇక్కడ తెలుస్తుంది అని గమనిక పెట్టాను. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలిపోయాను.

తర్వాత నా జాబితా అచ్చు నకళ్ళు వేరే లైబ్రరీలకు వెళ్ళాయి. వాళ్ళు వాళ్ళ పుస్తకాల్లో 317ని దింపుకున్నారు. ఒక్కరూ టేపు పంపమని అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఐదు చోట్ల కట్టేశారు.

రిటైరవడానికి నెల ఉందనగా ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన ఒక ఆర్కెస్ట్రాలో బాసూన్ వాద్యగాడు. వచ్చే ఏడాది ఆయనా రిటైరవుతున్నాడు. ఆఖరి కచేరీలో 317 వాయించాలని కోరిక. ఎనిమిదేళ్ళుగా దాని రాతప్రతి కోసం తిరుగుతున్నాడట. సెలవులన్నీ మందులాయన ఊళ్ళోనే గడిపాడట. ఆయన మనవరాలు ఎనభై ఒక్కేళ్ళ ముసలావిడ, ఈయన మాట మీద ఇంట్లో రెండు గదుల పెట్టెలు తిరగేసిందట. రాతప్రతి దొరకలేదు కాబట్టి కనీసం టేపు నకలు పంపితే విని రాసుకుంటాను అని అడిగాడు. ఉత్తరంలో నన్ను రెండు చోట్ల పొగిడాడు.

నకలు తియ్యాలంటే టేపు మొత్తం నడవాలి. మంగళవారం ఉదయం యంత్రం మీద రెండో టేపు పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి దాన్ని పూర్తిగా విన్నాను. నెమ్మది భాగం అయిపోయింది. అప్పుడు తెల్ల పట్టీ రావాలి. దానికంటే ముందే ఒక మనిషి మాట్లాడాడు. అది నేరుగా ప్రసారమవుతున్న కచేరీ. బాసూన్ ఆయన నోట్లో పెట్టుకునే రీడు, అదే ఆ రెల్లుపుల్ల, చీలిపోయింది. కొత్తది బిగించుకునేదాకా ఖాళీ నింపడానికి అనౌన్సరు కబుర్లు చెబుతున్నాడు. పెట్టెల మీద రాతలు చదివీ చదివీ వచ్చిన ఫ్రెంచి నాది, అయినా ఒక్క ముక్క కూడా జారిపోలేదు. శ్రోతలారా, కాస్త ఓపిక పట్టండి, మీరు వింటున్నది ఫలానా వారి కాన్సెర్టో, మూడో భాగం ఇప్పుడే మొదలవుతుంది అన్నాడు. ఆ ఫలానా వారు మందులాయన కాదు. బడిపంతులు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో మాటలో చెప్పలేను. ఒకే కచేరీలో మందులాయన చిన్న రచన ఒకటి, బడిపంతులు కాన్సెర్టో ఒకటి వాయించారు. బడిపంతులు రెండో టేపుని ఎవరో మందులాయన పెట్టెలో పడేశారు. మొదటి టేపు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. తలకీ తోకకీ నేను పెళ్ళి చేశాను. ప్రాణం తక్కువ అని ఎవరిని తీసిపారేశానో, ఆయన ప్రాణాన్నే తీసి పక్కాయన ఖాతాలో వేసి, ఆహా లోతు అని మెచ్చుకున్నాను.

పైకి వెళ్ళి డైరెక్టరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న. చెడ్డవాడు కాదు. కాకపోతే మచ్చ లేని అన్న మాట ఆయనకి ఊతపదం. మచ్చ లేని జాబితా పుస్తకంగా అచ్చవబోతోంది, మచ్చ లేని ఉద్యోగిని దాని మర్నాడు సన్మానం చేయించుకుని ఇంటికెళ్ళబోతోంది. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుని, టేపు తేమకి పాడైపోయిందని ఆ వాద్యగాడికి రాసెయ్యమన్నారు. పాపం తేమ ఎవరికీ సమాధానం చెప్పుకోదు కదా.

నిజం చెబుతున్నాను, కాదని వెంటనే అనలేదు. ఆలోచిస్తానని వచ్చేశాను.

ఇంట్లో మేం ముగ్గురం. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మా ఆయన, నేను, మా ఆయన అక్క. వదిన నలభై ఏళ్ళు బట్టలు కుట్టింది. ఇప్పటికీ మిషను ముందు గదిలో కిటికీ కిందే ఉంటుంది. అన్నం తింటూ మొత్తం చెప్పాను. మా ఆయన, ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు. ముప్పై రోజులు కళ్ళు మూసుకుంటే గడిచిపోతుంది, ఎవరికీ ప్రాణం పోలేదు, ఎందుకొచ్చిన గొడవ అని ఆయన ఉద్దేశం. వదిన మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వంకే చూసింది.

"చంక దగ్గర తప్పు కత్తిరించి, చెప్పకుండా ఇచ్చేశాననుకో. తొడుక్కున్నవాడికి పట్టేస్తుంది. వాడేమనుకుంటాడో తెలుసా? తన ఒళ్ళే వంకరనుకుంటాడు" అంది.

అంత చెప్పి, పప్పులో ఉప్పెక్కువైందని కూడా అంది. ఆవిడ సంగతే అంత, మంచి మాట ఒక్కటీ ఒంటరిగా పంపదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే బాసూన్ ఆయనకి ఉత్తరం రాసి, ఎవరినీ అడక్కుండా పోస్టు చేశాను. 317 లేదు, అది నా తప్పు, టేపు పాడవలేదు, వచ్చి వినవచ్చు అని నాలుగు వాక్యాలు. నకలు డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆ రోజు ఆయన నన్ను అండీ, దయచేసి, వీలైతే అన్న మాటలతో ముంచెత్తారు. చివరికి ఒక మెట్టు దిగారు. అయింది ఏదో అయింది, అబద్ధం చెప్పొద్దు, కానీ కొత్త పుస్తకంలోంచి 317 చడీచప్పుడు లేకుండా తీసేద్దాం, వెనక నంబర్లు ఒక్కొక్కటి ముందుకి జరుపుదాం, ఎవరికీ తెలీకుండా సర్దుకుంటుంది అన్నారు. అది సబబుగానే అనిపించింది. అబద్ధం కాదుగా అనుకున్నాను. సరే అని తలూపాను కూడా.

పది రోజులకి బాసూన్ ఆయన వచ్చాడు. పొడుగ్గా, కాస్త వంగి, చేతిలో వాయిద్యం పెట్టె. నమస్కారం పెట్టలేదు. టేపు వినాలి అన్నాడు. మొదటి టేపు పెట్టాను. రెండోది పెట్టాను. నెమ్మది భాగం చివర్లో, ఇంకా అనౌన్సరు నోరు విప్పకముందే, వేలు పైకెత్తి, రీడు పోయింది అన్నాడు. ఆఖరి రెండు స్వరాల్లోనే ఆయనకి తెలిసిపోయింది. తర్వాత అనౌన్సరు మాటలు తలొంచుకుని విన్నాడు. టేపు అయిపోయి చప్పట్లు ఆగేదాకా తలెత్తలేదు.

"ఎనిమిదేళ్ళు తప్పు ఇంటి తలుపు కొట్టానండీ. ఆ మనిషి పక్కింట్లో ఉన్నాడు" అన్నాడు.

నేను టేపు వెనక్కి చుట్టసాగాను.

"మీరు ఆ రోజు పది నిమిషాలు వినుంటే నాకు ఎనిమిదేళ్ళు మిగిలేవి."

అవును అన్నాను. పద్ధతి గురించి చెప్పొచ్చు, పదకొండు వేల టేపుల గురించి చెప్పొచ్చు. నోటిదాకా వచ్చాయి కూడా. మింగేశాను. ఆయన కోపం ఆయనకి చెందిన సొత్తు, దాంట్లో నేను బేరమాడకూడదు.

కాసేపటికి కొంచెం చల్లబడి మనవరాలి సంగతి ఎత్తాడు. తాత పోయినప్పుడు ఆమెకి తొమ్మిదేళ్ళట. ఆయన బల్ల సొరుగులు శుభ్రం చెయ్యమని పెద్దవాళ్ళు ఆమెకే చెప్పారట. బోలెడు కాగితాలు పొయ్యిలో వేసిందట. అరవై ఏళ్ళపైన ఆ సంగతి గుర్తే లేదు. ఈయన వెళ్ళి, మీ తాతగారి కాన్సెర్టో ఒకటి ఉందండీ అన్నాక గుర్తొచ్చింది. ఆ కాగితాలు అవే అయ్యుంటాయని ఎనిమిదేళ్ళుగా కుమిలిపోతోందట. నా ఉత్తరం చదివి వినిపించినా ఆమె నమ్మలేదు అన్నాడు. కొత్త పుస్తకంలో ఆ లైను తీసేస్తున్నాం అన్నాను.

"జాలిపడి అబద్ధం చెబుతున్నాననుకుంది. మీ జాబితా తెచ్చి నా ముందు పెట్టి, అచ్చులో ఉందిగా అంది. కొత్త పుస్తకంలో ఆ లైను తీసేశారనుకోండి, నేను కాల్చేశానని తెలిసి తీసేశారనుకుంటుంది. ఉందని మీ జాబితానే చెప్పింది. లేదని కూడా అదే చెప్పాలి."

వెళ్ళేటప్పుడు కూడా నమస్కారం పెట్టలేదు. బడిపంతులు రాతప్రతులు ఎక్కడున్నాయో అడిగి, నేను చెప్పింది చేతి వెనక రాసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నేను కూర్చున్న చోటే కూర్చున్నాను. చడీచప్పుడు లేకుండా సర్దుకుంటుందట. ఎవరికి సర్దుకుంటుంది? ఐదు పుస్తకాల్లో ఉండి మా దాంట్లో మాయమైతే, వెతికేవాళ్ళు లేదనుకోరు, పోయిందనుకుంటారు. పోయినదాన్ని ఎవరో ఒకరు పోగొట్టి ఉండాలి. ఒక ముసలావిడ ఆ ఎవరో ఒకరు తనే అనుకుంటోంది. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అందులో ముప్పాతిక నా మీదే, మిగిలిన పావు మోసుకుని పద్నాలుగు మెట్లూ ఎక్కి డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

317 ఉంటుంది అన్నాను. నంబరు అక్కడే ఉంటుంది, దాని కింద నిజం ఉంటుంది, రాసింది ఎవరో పేరుంటుంది. ఆయన కళ్ళజోడు తీశారు. పొరపాటుకు లైబ్రరీ చింతిస్తోంది అని వేద్దాం, పేర్లు ఎందుకు, మన పుస్తకంలో ఎవరి పేర్లూ వెయ్యం కదా అన్నారు. లైబ్రరీకి చెవుల్లేవు, విననిది నేను అన్నాను. ఎవరో తెలియని సంస్థ చింతించడం చూసి ఏ ముసలావిడా ఊరట పడదు, ఒక మనిషి నా తప్పు అనాలి. ఆయన వినలేదు. అప్పుడు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ప్రతి జాబితా మొదటి పేజీ వెనక, అచ్చుకి వెళ్ళేముందు, దీన్ని సరిచూశాను అని రాసినవాళ్ళు సంతకం చెయ్యాలి. ఆ కాగితం అచ్చవదు, ఫైల్లో ఉంటుంది. అది లేకపోతే ప్రెస్సుకి వెళ్ళదు. అలాగైతే సంతకం పెట్టను అన్నాను. ఆయన రెండు రోజులు ఆగారు, నేనూ ఆగాను. మూడో రోజు సన్మానం మాట ఎత్తారు, ఈ పరిస్థితుల్లో జరపడం ఇబ్బందేమో అన్నారు. జరపకండి అన్నాను. నాలుగో రోజు ఆయనే కిందికి దిగి వచ్చారు. అన్నేళ్ళలో ఆయన ఆ గదిలో అడుగు పెట్టడం రెండోసారి. తేమ యంత్రం పక్కనున్న స్టూలు మీద కూర్చుని, ఈసారి మర్యాద ఏమీ లేకుండా మామూలు మనిషిలా మాట్లాడారు.

"ఆరు వందల నలభై నంబర్లు రాశారు. ఎక్కడా మీ పేరు లేదు. ఉండే ఒక్క చోట తప్పు కింద ఉంటుంది. రేపు ఎవరు తిరగేసినా మీరంటే అదే. బాగా ఆలోచించారా?"

ఆలోచించాను అన్నాను. నిజానికి ఆ ముక్క నాకు అంతవరకూ తట్టలేదు. మిగతా ఆరు వందల ముప్పై తొమ్మిదీ నేను రాసినవే అని ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అయినా సరే, వెయ్యండి అన్నాను.

వేశారు. పుస్తకంలో ఇలా ఉంది. 317: ఇలాంటి కాన్సెర్టో లేదు, ఎప్పుడూ లేదు. వేరువేరు రచనల టేపులు ఒకే పెట్టెలో ఉండగా, మధ్యలో వినకుండా, రెండూ ఒకటే అని రాశాను. దీని రాతప్రతిని ఎవరూ పోగొట్టలేదు. వెతకవద్దు. రెండో టేపులో ఉన్నది వేరొకరి రచన, నంబరు 641 చూడండి. దాని కింద నా పూర్తి పేరు, తేదీ. 641 దగ్గర బడిపంతులు అసలు పేరు పెట్టి, ఆయన మీద రాసిన చిన్నచూపు గమనిక కొట్టేసి, లోతు గురించి రాసింది ఆయనకే తిరిగి ఇచ్చాను. సన్మానం జరగలేదు. చివరి రోజు బకెట్టులో నీళ్ళు పారబోసి, తాళాలు అప్పజెప్పి, ఇంటికి వచ్చేశాను.

నాకు రెండు ప్రతులు ఇచ్చారు. ఒకటి మందులాయన మనవరాలికి పంపాను, ఆ పేజీలో చీటీ పెట్టి, ఆ లైన్లకి ఫ్రెంచి రాసి. రెండోది వదినకి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, 317 మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివి, పేరు మటుకు తప్పుల్లేకుండా వేశారు అని పుస్తకం నా ఒళ్ళో పడేసింది. మూడు వారాలకి మనవరాలి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. వణికే చేతి రాత. కృతజ్ఞతలు లేవు, నిష్ఠూరం లేదు, ఒక్క వాక్యమే ఉంది. వదినకి తెలుగు చేసి చెప్పాను.

"అయితే నేను కాల్చలేదన్నమాట."